తెలివి తగ్గలేదు, బద్ధకమూ కాదు

"స్కూల్లో ఎప్పుడూ ముందుండేవాణ్ణి. యూనివర్సిటీకి వచ్చాక ఎంతసేపు చదివినా మార్కులు రావట్లేదు. నాకు తెలివి లేదా, బద్ధకమా?" అని అడిగారు. మీ ప్రశ్న చదువుతుంటే నా రెండో సంవత్సరం కళ్లముందు కదిలింది. నా విషయంలో ఆ రెండూ కాదు, భయం.

మూడో సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు తప్పాను. అంతకుముందు నాకు తప్పడమంటే తెలియదు. ఆ తర్వాత స్టాటిస్టిక్స్ పుస్తకం చూస్తేనే కడుపులో తిప్పినట్టు ఉండేది. రేపు చూద్దాంలే అని దాన్ని పక్కన పెట్టి, బాగా వచ్చిన సబ్జెక్టు నోట్సు రంగు పెన్నులతో తిరగరాసేవాణ్ణి. పక్కన పెట్టిన ఆ క్షణం ప్రాణం హాయిగా ఉండేది. ఆ హాయి కోసమే మర్నాడూ వాయిదా వేసేవాణ్ణి. రాత్రి పడుకున్నాక మాత్రం నన్ను నేను తిట్టుకునేవాణ్ణి. తిట్టుకున్నకొద్దీ ఆ పుస్తకం మరింత భయంకరంగా కనిపించేది.

దీని మీద 2010లో కెనడాలోని కార్లెటన్ యూనివర్సిటీలో మైకేల్ వోల్, తిమోతీ పిచిల్, షానన్ బెనెట్ 119 మంది మొదటి సంవత్సరం విద్యార్థులను పరిశీలించారు. మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు, రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. ఇది చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. తిట్టుకుంటేనే దారిలో పడతానని అన్నాళ్లూ గట్టిగా నమ్మాను మరి.

ఇక గంటలకొద్దీ చదివినా మార్కులు రాకపోవడం సంగతి. చదివిందే మళ్లీ మళ్లీ చదివితే పేజీ పరిచయమవుతుంది, అదే వచ్చేసినట్టు అనిపిస్తుంది. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చేసిన ఒక ప్రయోగంలో, పాఠాన్ని పదేపదే చదివినవాళ్లకు అయిదు నిమిషాల తర్వాత 83 శాతం గుర్తుంది. ఒకసారి చదివి, మూడుసార్లు చూడకుండా రాసినవాళ్లకు 71 శాతమే. కానీ వారం తర్వాత మొదటివాళ్లకు మిగిలింది 40 శాతం, రెండోవాళ్లకు 61. నేను పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయడం మొదలుపెట్టినప్పుడు మొదటి వారం నరకం, ఎందుకంటే ఏమీ రాదన్న నిజం రోజూ ఎదురుగా కనిపిస్తుంది. మీకూ అలాగే అనిపిస్తే ఆపకండి, అప్పుడే చదువు మొదలైనట్టు.

పరీక్ష హాల్లో అంతా మర్చిపోవడం కూడా మీకుంటే, దానికి కారణం టెన్షన్: ఆలోచనకు మనసులో కావాల్సిన చోటును దిగులే ఆక్రమిస్తుంది. లోపలికి వెళ్లేముందు పది నిమిషాలు నా భయాలన్నీ ఓ కాగితం మీద రాసేవాణ్ణి. నాకు పనిచేసింది. నిద్ర మానుకుని చదవడం మాత్రం ఎప్పుడూ పనిచేయలేదు.

వారాల తరబడి నిద్ర, ఆకలి లేకుండా ఉంటే, ఏ పనిమీదా ఆసక్తి లేకపోతే, ఇవన్నీ పక్కన పెట్టి ముందు కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలవండి. నేను వెళ్లడానికి ఏడాది ఆలస్యం చేశాను.

మీరు భయపడుతున్న సబ్జెక్టు ఏదో నాకు తెలియదు. ఈరోజు దాన్ని పదిహేను నిమిషాలు మాత్రం తెరవండి. నేను మొదటిరోజు ఒక్క లెక్క కూడా చేయలేదు, అధ్యాయం పేర్లు చదివి మూసేశాను. మర్నాడు పుస్తకం తీసినప్పుడు కడుపులో తిప్పలేదు.