బెంగళూరులో ఇల్లు మారేవాళ్లకు: బండికి తాడు ఎలా కట్టించాలి?

టాటా ఏస్ మాట్లాడుకునేటప్పుడు కిరాయి ఒక్కటే బేరమాడకండి. ‘టార్పాలిన్ ఉందా?’ అని కూడా అడగండి. తాడు అందరి దగ్గరా ఉంటుంది, పట్టా ఉండదు. తాడు బీరువాను ఆపుతుంది గానీ అట్టముక్కల్నీ కవర్లనీ ఆపదు. ఔటర్ రింగ్ రోడ్డు డివైడరు పక్కన చేరేవి అవే.

బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ కేబిన్‌కు ఆనించాలి. పరుపును ఆఖర్న పైన పరచడం మనవాళ్ల అలవాటు, అదే తప్పు. ముందు అంచు కింద గాలి దూరి పరుపు రెక్కలా లేస్తుంది. బండి వేగం 40 నుంచి 80కి పెరిగితే గాలి తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. వీధిలో కదలని పరుపు హెబ్బాళ ఫ్లైఓవర్ మీద ఎగిరేది అందుకే. దాన్ని బీరువా పక్కన నిలబెట్టి ఇరికించండి.

పట్టాలు రెండైతే వెనకది ముందు పరిచి, ముందుది దాని మీదికి ఒక అడుగు ఎక్కేలా వేయాలి. నీళ్లు దూరకుండా పెంకులు కప్పినట్టే, గాలి దూరకుండా ఇది. ఆ పైన ఒకటే పొడుగు తాడు తిప్పనివ్వకండి, ఒక్క ముడి జారితే మొత్తం వదులవుతుంది. రెండు మూడు విడి తాళ్లు, ఇంటూ ఆకారంలో, బండి పక్కనున్న కొక్కేలకు కట్టించండి. బీరువా అంచు తగిలేచోట అట్ట మడిచి పెట్టకపోతే తాడు కోసుకుపోతుంది. తులసి కుండీకి మట్టి రాలకుండా గోనెసంచి తొడగండి.

ఐదారు కిలోమీటర్లు పోయాక అట్టపెట్టెలు అణుగుతాయి, తాడు వదులవుతుంది. వానకు తడిస్తే నైలాన్ తాడు ఇంకా సాగుతుంది. ‘స్వల్ప గాడి నిల్లిసి, హగ్గ బిగియాగి కట్టి’ (కాస్త బండి ఆపి, తాడు బిగించి కట్టండి) అని కన్నడలో అంటే డ్రైవరుకు అర్థమవుతుంది. అనంతపురం నుంచి వచ్చేవాళ్లయితే మొదటి టీ కొట్టు దగ్గరే ఈ పని కానివ్వండి. కర్టెన్ రాడ్లు వెనక్కి పొడుచుకు రాకూడదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో, హద్దు దాటి సరుకు బయటికొస్తే జరిమానా 20,000 రూపాయలు, దింపుడు ఖర్చు అదనం.

ఇంతా చేసి అసలు చెత్త పడేది తిరుగు ప్రయాణంలో. సామాను దింపాక అట్టలు, థర్మాకోల్, బబుల్ కవర్లు ఖాళీ బండిలో పడేసి ‘తీసుకెళ్లిపో’ అంటారు. పట్టా లేదు, తాడు లేదు, మొదటి మలుపులోనే సగం రోడ్డు మీద ఉంటుంది. బండిలో ఏదీ వేయకండి. అట్టలు మడిచి కట్ట కడితే గుజరి అంగడి వాళ్లు, అంటే పాత సామాన్ల కొట్టువాళ్లు, కొనుక్కుంటారు. కవర్లు ‘ఒణ కస’, అంటే పొడి చెత్త కింద ఆటో టిప్పరుకు, అదే చెత్త బండికి, ఇవ్వండి. థర్మాకోల్‌ను మాత్రం విరవకండి, పూసలు రాలితే ఏరలేరు. ఉన్నది ఉన్నట్టే గోనెసంచిలో పెట్టి మూతి కట్టి ఇవ్వండి.