కవులను తప్పుబట్టిన ఖురాన్, కాజీపేట దర్గా ఉర్సులో (వార్షిక ఉత్సవంలో) ఖవ్వాలీ (సూఫీ భక్తి గానం): రెండూ ఎలా కుదురుతాయన్న ప్రశ్నకు

మీరు ఖురాన్ 26వ సూరా (అధ్యాయం) 'అష్‌షుఅరా'లో 224వ ఆయత్ (వాక్యం) దగ్గరే ఆగినట్టున్నారు, చిక్కంతా అక్కడే.

1. 227 దాకా ఒకేసారి చదవండి. కవుల వెంట దారితప్పినవాళ్లు పోతారు, వాళ్లు చెయ్యనిది చెప్తారు అన్నాక, 227లో 'ఇల్లా' వస్తుంది, అంటే 'తప్ప': విశ్వసించి, మంచి పనులు చేసి, అల్లాహ్‌ను బాగా తలచుకుని, అన్యాయం జరిగాక ఎదురు నిలిచినవాళ్లు తప్ప. అందరూ వదిలేసేది ఈ ఒక్క మాటే (వాట్సాప్ ఫార్వర్డుల్లో అయితే కనపడదు).

2. ఆ 'తప్ప'కు ఉదాహరణగా, శత్రు కవుల నిందలకు ప్రవక్త తరఫున కవిత్వంతోనే జవాబిచ్చిన హస్సాన్ బిన్ సాబిత్ గురించి చూడండి.

3. ఖవ్వాలీలో పాడే హమ్ద్ అల్లాహ్ స్తుతి, నాత్ ప్రవక్త స్తుతి; అంటే ఇవీ ఆ 'తప్ప' వైపువే. ఖవ్వాలీ మీద ఉలమాల (మత పండితుల) గొడవ ఎక్కువగా వాయిద్యాల గురించి, ఆ గొడవను కవుల గురించిన ఈ మాటతో కలపకండి.