పాత పిస్టలు తుప్పు: రంగు కాదు, చోటు చూడండి

రాజోలులో మీ తాతగారి పెట్టెలో దొరికిన క్యాప్ పిస్టలు (నిపిల్ అనే చిన్న మొన మీద పెట్టిన క్యాప్‌ను, అంటే మందు టోపీని, సుత్తి కొడితే పేలే పాతకాలపు తుపాకి) గొట్టం ఎర్రబడిందని, సుత్తి సగం ఎత్తిన చోట నిలవడం లేదని, గరుకు కాగితంతో రుద్దవచ్చా అని అడిగారు. రుద్దకండి. నరసాపురంలో మా ఇంట్లోనూ అలాంటిదే ఒకటుంది. ఉప్పుగాలి ఇనుమును ఏం చేస్తుందో ఏటా చూస్తూనే ఉన్నాను.

ముందుగా లోపల తుపాకిమందు మిగిలిందేమో తేల్చుకోండి. ఎన్నేళ్లయినా అది పేలవచ్చు. మూతిని మనుషులకు దూరంగా ఉంచి, వెదురు పుల్లను ఆగేదాకా మెల్లగా దించి గుర్తు పెట్టి, తీసి గొట్టం బయట ఆనించండి. నిపిల్ దాకా చేరకుండా ముందే ఆగితే ఇక తాకకండి, పోలీసులకు చెప్పండి.

ఇక తుప్పు. నిపిల్ చుట్టూ మాత్రమే గుంటలు పడితే ఆ పాపం మన గాలిది కాదు, పేల్చి కడగకుండా దాచినవారిది. ఆనాటి క్యాపుల్లోని పొటాషియం క్లోరేట్ కాలి ఉప్పుగా మిగులుతుంది, అది తేమను పీల్చుకుంటుంది. నూనెతో ఆ ఉప్పు పోదు, నీళ్లతోనే పోతుంది. తోలు సంచికి ఆనిన చోటే తుప్పుంటే తోలును అనుమానించండి. అంతటా ఒకే గోధుమరంగు ఉండి, తెల్లగుడ్డకు అంటకపోతే దాని జోలికి పోవద్దు. అప్పట్లో గొట్టాలకు కావాలనే తుప్పు పట్టించి ఆ రంగు తెచ్చేవారు, గీకితే దాని విలువ కూడా పోతుంది. గుడ్డకు నారింజ పొడి అంటితేనే తుప్పు ఇంకా తింటున్నట్టు. అక్కడ పలుచని మెషిన్ ఆయిల్ రాసి నాననిచ్చి, చెక్కపుల్లతో తీయండి. కోనసీమ కదా అని కొబ్బరినూనె మాత్రం రాయకండి. ముక్కిపోయి ఆమ్లం పుడుతుంది, ఇత్తడి పక్కన ఆకుపచ్చటి జిగురు కడుతుంది.

సుత్తి సంగతికొస్తే, నూనె వేశాక ఒక్కోసారి నిలుస్తుంటే గట్టిపడిన పాత గ్రీజు కారణం కావచ్చు. ఎప్పుడూ జారుతుంటే లోపలి గాడి గానీ, అందులో పడే కొన గానీ అరిగి ఉంటుంది. పరీక్ష కోసం సుత్తిని టపటపా వదలకండి, నిపిల్ చితికిపోతుంది. బాగు చేయించేముందు లైసెన్సు సంగతి అడగండి. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు, మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధాలకే వర్తిస్తుంది.

స్క్రూల తలల మీది గాడులు చెదిరి ఉన్నాయా? ఉంటే లోపల ఎవరో ముందే చేయి పెట్టారు, స్ప్రింగు అసలుది కాకపోవచ్చు. ఫోటో పెడితే చూస్తాను.