మావారు బాబును స్కూలు క్యాంపుకు పంపనంటున్నారు

ప్రశ్న: మేము ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటున్నాము. మా బాబుకు పదేళ్లు దాటాయి, ఇయర్ సిక్స్ చదువుతున్నాడు. జూన్‌లో స్కూలువారు పిల్లలను వేల్స్‌లోని ఒక యాక్టివిటీ సెంటర్‌కు సోమవారం నుంచి శుక్రవారం దాకా తీసుకువెళ్తున్నారు. మావారు అనుమతి పత్రం మీద సంతకం చేయనంటున్నారు. తాళ్లకు వేలాడటం, నీళ్లలో పడవలు నడపడం ఈ వయసు పిల్లల పనులు కావని వాదిస్తున్నారు. అసలు కారణం వేరని నా అనుమానం. బాబు ఇప్పటికీ వారానికి రెండు మూడుసార్లు పక్క తడుపుతాడు. ఆయన కూడా ఆరో తరగతిలో హాస్టల్‌లో చేరి, ఇదే కారణంగా మూడు వారాలకే ఇంటికి వచ్చేశారని ఈమధ్య మా అత్తగారు ఫోన్‌లో చెప్పారు. బాబు మాత్రం స్కూలులో ఇచ్చిన సామాన్ల జాబితాను బీరువా తలుపుకు అంటించుకుని వానకోటు, పాత బూట్లు, టార్చిలైటు అంటూ ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టుకుంటున్నాడు. స్లీపింగ్ బ్యాగ్ దగ్గర మాత్రం పెట్టలేదు. నేనేం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: మీ బాబుకు తాళ్లన్నా నీళ్లన్నా భయం లేదని ఆ జాబితాయే చెబుతోంది. అన్నింటికీ టిక్కు పెట్టి స్లీపింగ్ బ్యాగ్ దగ్గర ఆగిపోయిన పిల్లవాడు, వెళ్లాలన్న కోరికనూ, వెళితే ఏమవుతుందోనన్న బెంగనూ ఒకే కాగితం మీద మీకు చూపించాడు. అతన్ని పంపాలా వద్దా అన్నదానికంటే, ఆ బెంగను మీ ముగ్గురిలో ఎవరూ నోరు తెరిచి చెప్పకపోవడమే ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న సమస్య అని నాకనిపిస్తోంది.

అయినా మీవారు పైకి చెబుతున్న అభ్యంతరాన్ని సాకు అని కొట్టిపారేయకండి. 1993 మార్చిలో డోర్సెట్ తీరాన లైమ్ బేలో పడవలు నడపడానికి వెళ్లిన నలుగురు విద్యార్థులు సముద్రంలో ప్రాణాలు కోల్పోయారు. ఆ విషాదం తరువాతనే 1995లో బ్రిటిష్ పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. కొండరాళ్లు ఎక్కడం, గుహల్లోకి దిగడం, సముద్రంలోనూ ఉద్ధృతమైన నీళ్లలోనూ పడవలు నడపడం వంటివాటిని 18 ఏళ్ల లోపు పిల్లల చేత డబ్బు తీసుకుని చేయించే కేంద్రాలకు లైసెన్సు ఉండాలన్న నియమం దాని నుంచి వచ్చినదే. కట్టిన గోడ ఎక్కించడం వంటివి ఆ లైసెన్సు పరిధిలోకి రావు కాబట్టి, వాటి గురించి విడిగా అడగవలసి ఉంటుంది. ప్రమాదాల అంచనా పత్రం చూపించమనీ, ఒక్కొక్క శిక్షకుడి కింద ఎంతమంది పిల్లలుంటారో చెప్పమనీ స్కూలును అడిగే బాధ్యతను మీవారికే అప్పగించండి. జవాబులు వచ్చాక ఆయన భయం తగ్గితే మంచిదే. తగ్గకపోతే, ఆ భయం నీళ్ల గురించి కాదని ఆయనకే తెలుస్తుంది.

అత్తగారు చెప్పిన మాటను మాత్రం ఆయన ముందు సాక్ష్యంగా పెట్టకండి. "మీ అమ్మగారు అంతా చెప్పారు, మీకూ ఇలాగే అయ్యేదట కదా" అని మొదలుపెట్టారంటే, ఆరో తరగతి హాస్టల్‌లో తోటి పిల్లల మధ్య తలదించుకున్న ఆ కుర్రవాణ్ని మీరు మళ్లీ నిలబెట్టి అడిగినట్టే అవుతుంది. బాబు పడుకున్నాక, బాబు గురించే మాట్లాడండి: "వాడు స్లీపింగ్ బ్యాగ్‌కు టిక్కు పెట్టలేదు, మీరు చూశారా?" ఆ తరువాత కొంతసేపు మీరేమీ అనకుండా ఉండగలిగితే, చెప్పవలసింది ఆయనే చెప్పవచ్చు. ఈ ఇబ్బంది చాలా కుటుంబాల్లో తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చేదే; పిల్లవాడి బద్ధకమూ కాదు, పెంపకంలో లోపమూ కాదు. "నాకూ అయ్యేదిరా, తరువాత దానంతట అదే పోయింది" అని తండ్రి నోటి నుంచి విన్న పిల్లవాడికి కలిగే ధైర్యం మీరూ నేనూ ఎంత చెప్పినా కలగదు. అయితే ఆ రహస్యం ఆయనది. ఆయన చెప్పనంతవరకు బాబుకు మీరు చెప్పవద్దు.

ఇక చేయవలసిన పనులు. నువ్వుల ఉండ తినిపిస్తే తగ్గిపోతుందని పెద్దలు అంటారు. తినిపించండి, నష్టం లేదు, కానీ దాన్నే నమ్ముకుని జూన్ దాకా కూర్చోకండి. ఈ వారంలోనే మీ జీపీని (మీ కుటుంబ డాక్టరును) గానీ స్కూలు నర్సును గానీ కలవండి. పదేళ్ల పిల్లల్లో సుమారు 20 మందికి ఒకరికి ఈ ఇబ్బంది ఉంటుంది కనుక, వారికి ఇది కొత్త కాదు. తడి తగలగానే మోగే అలారం వారాల తరబడి వాడితే గానీ ఫలితం ఇవ్వదు. ఇలాంటి ప్రయాణాలకు డాక్టర్లు తరచుగా డెస్మోప్రెసిన్ అనే మాత్ర రాస్తారు. అది మీ బాబుకు సరిపడుతుందో లేదో వారే చెప్పాలి. సరిపడుతుందంటే, ప్రయాణానికి ముందే ఇంట్లో వాడి చూడటం అవసరం.

ఆ మాత్ర విషయంలో ఒక కచ్చితమైన నియమం ఉంది. వేసుకోవడానికి గంట ముందు నుంచి, వేసుకున్న ఎనిమిది గంటల వరకు గుక్కెడుకు మించి ఏదీ తాగకూడదు. తాగితే ఒంట్లో నీరు నిలిచిపోయి ప్రమాదం కలగవచ్చు. క్యాంపులో రాత్రి నెగడు చుట్టూ పిల్లలను కూర్చోబెట్టి కప్పు నిండా హాట్ చాక్లెట్ ఇవ్వడం మామూలు. అందరూ తాగుతుండగా పదేళ్ల పిల్లవాడు తనంతట తానే వద్దనగలడా? అందుకే, ఎంత మొహమాటంగా ఉన్నా, వెంట వెళ్లే టీచర్లలో ఒకరికి ఈ సంగతి చెప్పక తప్పదు. బాబును అడిగి, అతనికి చనువున్న టీచరుకే చెప్పండి. పడుకునే ముందు ఒకసారి బాత్‌రూమ్‌కు పంపడం, తెల్లవారుజామున మిగతావారి కంటే ముందు లేపడం, తడిసిన బట్టలను ఎవరి కంటా పడకుండా తీసివేయడం వారు అలవాటుగా చేసే పనులే. ఒకసారి వాడి పారేసే లోదుస్తులను ముందుగానే స్లీపింగ్ బ్యాగ్ అడుగున దోపి ఉంచితే, బాబు లోపలికి దూరాక ఎవరికీ తెలియకుండా అందులోనే తొడుక్కోవచ్చు. హాల్లో నేల మీద రెండు మూడు రాత్రులు ఇదంతా సాధన చేయించండి. చీకట్లో, చప్పుడు కాకుండా చేయడం మొదటిసారికే రాదు.

ఇంత చేసినా బాబు వెళ్లనంటే బలవంతం చేయకండి. అది అతని నిర్ణయమైతే చాలు, తండ్రి సంతకం చేయకపోవడం వల్ల ఆగిపోయినది కాకూడదు. సంతకం గడువు గురించి మీవారిని రోజూ తొందరపెట్టవద్దు. ఈ శనివారం స్లీపింగ్ బ్యాగ్ కొనుక్కురమ్మని తండ్రీకొడుకులిద్దరినీ పంపండి. ముదురు రంగుది, వాషింగ్ మెషీన్‌లో వేయగలిగినది చూడమని చెప్పండి. మీరు మాత్రం వెంట వెళ్లకండి.