తెల్లవారుజామున సైకిల్ మీద డ్యూటీకి: వెయ్యి రూపాయల్లో చలి ఆపే బట్టలు

తమ్ముడూ, నీ ప్రశ్న చదవగానే నా మొదటి చలికాలం కళ్ల ముందుకొచ్చింది. విజయనగరం నుంచి నెల్లిమర్లకు పొద్దున్నే ఐదింటికి సైకిల్ మీద బయల్దేరుతున్నానన్నావు. స్వెట్టర్ వేసుకున్నా చలి గుండెల్లోకి దిగిపోతోందనీ, డ్యూటీకి చేరేసరికి లోపలి బనియన్ తడిసి ముద్దవుతోందనీ రాశావు. వెయ్యి రూపాయల్లో మంచి మందపాటి జాకెట్ చెప్పమని అడిగావు. అదే రోడ్డు మీద నేను ఆరు చలికాలాలు తిరిగాను. నా మాట విని మందపాటి జాకెట్ కొనకు. అదే డబ్బుని వేరేగా పంచి ఖర్చు పెడితే హాయిగా వెళ్లొస్తావు.

మన ఊళ్లో సిరిమాను సంబరం అయిన కొన్నాళ్లకే పొద్దుటి గాలి మారిపోతుంది. ధనుర్మాసం వచ్చేసరికి తెల్లవారుజామున 15 నుంచి 17 డిగ్రీల దగ్గర ఉంటుంది. వాకిట్లో ముగ్గు వేసే ఆడవాళ్లు భుజాల మీద ఒక శాలువా కప్పుకుంటే ఆగిపోయే చలి అది. సైకిలెక్కితే లెక్క మారుతుంది. నువ్వు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్నావనుకో, ఆకు కదలని రోజు కూడా నీ ఛాతీకి 20 కిలోమీటర్ల ఎదురుగాలి కొడుతూనే ఉంటుంది. ఒంటికీ బట్టకీ మధ్య నిలిచిన వెచ్చటి గాలే మనల్ని కాపాడేది. అల్లిన స్వెట్టర్ నిండా కన్నాలే కాబట్టి ఎదురుగాలి ఆ వెచ్చదనాన్ని ఎప్పటికప్పుడు తోడేస్తుంది. ఇంట్లో కూర్చుంటే ఉక్కపోసే స్వెట్టర్ రోడ్డెక్కగానే పనిచెయ్యనిది ఇందుకే.

చెమట ఇంతకన్నా పెద్ద సమస్య. వంటింట్లో చూసే ఉంటావు, గిన్నెడు చన్నీళ్లు మరగడానికి పట్టే వేడి కన్నా, మరిగాక అవన్నీ ఇగిరిపోవడానికి ఐదు రెట్లకు పైగా వేడి కావాలి. ఒంటి మీద చెమట ఆరడానికీ అలాగే బోలెడు వేడి కావాలి, అది నీ ఒంట్లోంచే పోతుంది. నూలు బనియన్ చెమటంతా పీల్చుకుని ఒక పట్టాన ఆరదు. పొందూరు ఖద్దరు పక్కన పెరిగినవాణ్ణి, నూలంటే నాకు ప్రాణం, ఎండాకాలంలో దానికి సాటి లేదు. అయినా చలికాలం సైకిల్ మీద ఒంటికి ఆనుకుని ఉండేది నూలు బట్ట కాకూడదని గట్టిగా చెప్తాను.

ఇది నేను పడి నేర్చుకున్నది. ఒక జనవరిలో ఇద్దరు స్నేహితులతో ఎస్.కోట (శృంగవరపుకోట) నుంచి అరకు ఘాట్ రోడ్డు ఎక్కి గాలికొండ దాకా వెళ్లాను. నూలు బనియన్, దాని మీద నూలు టీషర్టు, పైన లావుపాటి రెక్సిన్ జాకెట్. ఎక్కేటప్పుడు చెమటలు కారిపోయాయి. వ్యూపాయింట్ దగ్గర ఫొటోలకని పది నిమిషాలు ఆగేసరికి బనియన్ తడిగుడ్డలా వీపుకి అంటుకుపోయింది. దిగేటప్పుడు తొక్కే పని ఉండదు, అంటే ఒంట్లో వేడి పుట్టదు, గాలి మాత్రం రెండింతలు. నాలుగు మలుపులు తిరిగేసరికి పళ్లు టకటకా కొట్టుకోవడం మొదలైంది. ఇంకో రెండు మలుపులకి బ్రేకు పట్టుకుందామంటే వేళ్లు ముడుచుకోలేదు. అరచేతి అడుగు భాగంతో బ్రేకు నొక్కుకుంటూ, గుండె గుప్పిట్లో పెట్టుకుని అనంతగిరి చేరాను.

అక్కడ టీ కొట్టులో ఒకావిడ గ్లాసు అందిస్తే పట్టుకోలేకపోయాను. ఆవిడ నన్ను పైకీ కిందకీ చూసి, "బాబూ, ముందు ఆ తడి బనీను విప్పేయ్" అని, పొట్లాలు కట్టే నిన్నటి పేపరు రెండు మడతలు పెట్టి ఇచ్చింది. గుండెల మీద పెట్టుకుని జిప్ వేసుకోమంది. బనియన్ పిండితే నేల మీద చిన్న మడుగు కట్టింది. ఆ పేపరు పెట్టుకుని మిగతా ఘాట్ అంతా దిగాను, ఛాతీకి మళ్లీ చలి తగల్లేదు. యూరప్ కొండల్లో సైకిల్ పందేలు ఆడేవాళ్లు కూడా దిగేటప్పుడు జెర్సీలో పేపర్లు దోపుకునేవాళ్లని తర్వాత తెలిసింది. పేపరు గాలిని లోపలికి రానివ్వదు, అంతే దాని మహిమ. రేపు పొద్దున్నే నువ్వూ పైసా ఖర్చు లేకుండా చేసి చూడొచ్చు.

ఇక కొనాల్సినవి. ఒంటికి ఆనుకుని పాలిస్టర్ స్పోర్ట్స్ టీషర్టు వేసుకో, ఫుల్ హ్యాండ్స్ అయితే మరీ మంచిది. కబడ్డీకో క్రికెట్‌కో కుట్టించిన పాత టీమ్ జెర్సీ ఇంట్లో ఉంటే అదే చాలు, లేకపోతే నాకు 180 రూపాయలైంది. ఒంటికి పట్టినట్టు ఉండాలి, వదులైతే చెమటను లాగదు. దాని మీద నీ దగ్గరున్న స్వెట్టరే వేసుకో, కొత్తది వద్దు. రోడ్డు పక్కన దొరికే స్వెట్టర్లు ఎక్కువ భాగం అక్రిలిక్‌వి. అనుమానముంటే అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించు. అసలు ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, అక్రిలిక్ కరిగి గట్టి పూసలా అవుతుంది. అక్రిలిక్ అని తేలినా పారెయ్యక్కర్లేదు. అది నీళ్లు పెద్దగా పీల్చదు, కాబట్టి మధ్య పొరకి బాగానే పనికొస్తుంది.

అసలు డబ్బు పెట్టాల్సింది పైన వేసుకునే విండ్‌చీటర్ మీద, అంటే గాలిని ఆపే పల్చటి జాకెట్ మీద. నేను గంటస్తంభం దగ్గర బజార్లో 450కి తీసుకున్నాను, మూడో ఏడాది నడుస్తోంది. కొనేటప్పుడు బట్టని పెదాలకి గట్టిగా ఆనించి ఊదు. అవతల పెట్టిన చేతికి గాలి తెలిస్తే పక్కన పెట్టెయ్. వేసుకున్నాక షాపులోనే హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి చూడు, నడుము వెనక చర్మం కనపడకూడదు, మణికట్లు బయటికి రాకూడదు. గాలికి బెలూన్‌లా ఉబ్బేంత వదులు వద్దు. జిప్ మెడ దాకా రావాలి, ఎందుకంటే ఊరు దాటి ఒళ్లు వేడెక్కాక దాన్ని సగం దించాలి. రబ్బరు రెయిన్‌కోట్‌తో సరిపెట్టుకుందామనుకోకు, గాలి ఆగుతుంది కానీ చెమట బయటికి పోదు, మళ్లీ మొదటికే వస్తుంది కథ.

బయల్దేరేటప్పుడు కొంచెం చలేస్తూ ఉంటేనే నువ్వు సరిగ్గా వేసుకున్నట్టు. మా ఇంటి నుంచి అయ్యకోనేరు గట్టు దాటే దాకా నాకు ఒళ్లు జిల్లుమంటుంది, పది నిమిషాలకి సర్దుకుంటుంది. గుమ్మంలోనే వెచ్చగా ఉందంటే దారిలో తడిసిపోతావు.

చేతులకి బైకు వాళ్లు వేసుకునే పల్చటి గ్లౌజులు తీసుకో, నాకు 120 అయ్యాయి. వేళ్లు ముందు గాలికి ఎదురుగా ఉంటాయి, పైగా బ్రేకు వాటి మీదే ఆధారపడి ఉంది, ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు. మరీ దళసరివైతే గేరు మార్చడం కుదరదు. ముందు జత చేతికి వేసుకుని బ్రేకు, గేరు రెండూ నొక్కి చూసుకో. చెవులకి 50 రూపాయల గొట్టం లాంటి గుడ్డ ఉంటుంది చూడు, మెడలోంచి చెవుల మీదకి లాక్కునేది, అది చాలు. మంకీ క్యాప్ పెట్టుకుంటే దాని మీద హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, వెనక వచ్చే లారీ చప్పుడు కూడా మందగిస్తుంది. మఫ్లర్ కట్టుకుంటే కొసలు తప్పకుండా లోపలికి దోపుకో, వేలాడితే చక్రంలో పడే ప్రమాదం ఉంది.

కాళ్లకి ట్రాక్ ప్యాంటు, చెప్పుల బదులు సాక్సులు, బూట్లు, మన చలికి ఇంతకన్నా అక్కర్లేదు. కుడికాలు ప్యాంటు అంచుకి ఒక రబ్బరు బ్యాండు వేసుకో, చైన్‌లో పడకుండా. బ్యాగులో పొడి చొక్కా, తువ్వాలు ఒకటి ఉంచుకో. చేరగానే ఒళ్లు తుడుచుకుని మార్చుకుంటే రోజంతా హాయిగా ఉంటుంది. తడి టీషర్టు హ్యాండిల్ మీద ఆరేస్తే సాయంత్రానికి సిద్ధం.

లెక్క చూస్తే 800 అయింది. మిగిలిన 200లో సీటు కింద పెట్టుకునే ఎర్ర బ్లింకర్ లైటు కొను, వీలైతే విండ్‌చీటర్ వీపు మీద రేడియం టేపు రెండు అడ్డపట్టీలు అంటించు. నెల్లిమర్ల దగ్గర పడేకొద్దీ చంపావతి నది వైపు నుంచి మంచు కమ్ముకుంటుంది, కొన్ని రోజులు పది గజాల అవతల మనిషి కనపడడు. అలాంటి రోజున నేను రోడ్డు పక్క కొట్టు దగ్గర ఆగిపోయి, అవతలి కరెంటు స్తంభం కనిపించాకే కదులుతాను, డ్యూటీకి ఆలస్యమైతే ఫోన్ చేసి చెప్తాను. బట్టలు ఒక్కొక్కటిగా జీతం వచ్చినప్పుడల్లా కొనుక్కో, లైటు మాత్రం ఈ వారమే బిగించు.