జైల్లో ఖైదీకి ఏమైనా అయితే బాధ్యత ఎవరిది?

ప్రభుత్వానిదే. నల్లగొండ జిల్లా జైలైనా, మహబూబ్‌నగర్ జైలైనా లోపలున్న మనిషి ప్రాణానికి జైలు అధికారులు, వాళ్ల వెనక రాష్ట్ర ప్రభుత్వం జవాబు చెప్పాలి. గేటు పడ్డాక అతను సొంతంగా ఆస్పత్రికి పోలేడు, కొట్టేవాడి నుంచి పారిపోలేడు. కోర్టు తీసుకునేది స్వేచ్ఛను మాత్రమే. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కు లోపలా ఉంటుంది.

ఉదాహరణకు, మిర్యాలగూడ నుంచి ఒకతన్ని రిమాండ్‌కు తెచ్చారనుకుందాం. చేర్చుకునేటప్పుడే వైద్య పరీక్ష చేయించి, ఒంటిమీది గాయాలు, మచ్చలు పుస్తకంలో రాయాలి. 1894 జైళ్ల చట్టంలోనే ఉన్న నియమమిది. వీపు మీద వాత ఉంటే అదీ రాయాలి. ఆ ఒక్క లైనే రేపు దెబ్బ బయట తగిలిందా, లోపల తగిలిందా తేలుస్తుంది. అందుకే ఇది చాలా ముఖ్యం. ఖైదీ చనిపోతే 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలపాలి, మేజిస్ట్రేట్ విచారణ జరగాలి.

తోటి ఖైదీ కొడితే జైలుకు సంబంధం లేదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ప్రమాదం ఉందని తెలిసీ వేరే బ్యారక్‌కు మార్చకపోతే అది అధికారుల నిర్లక్ష్యమే, కుటుంబం పరిహారం కోరుతూ హైకోర్టుకు వెళ్లవచ్చు. శిక్ష పడిన ఖైదీకీ ఇదే వర్తిస్తుంది.