ఖాళీ చేసిన వీధా, రద్దయిన వీధా?

సందేహం: మేం అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూలో ఉంటాం. మా ఇంటి పక్కనున్న వీధిని సిటీవాళ్లు ‘వెకేట్’ చేశారు. అందులో సగం మాకొచ్చింది. తెనాలిలో ఉన్న నాన్నగారికి ‘పక్క వీధి ఖాళీ చేశారు, సగం మా స్వాధీనమైంది’ అని రాస్తే, ‘అక్కడి జనమంతా ఎటు పోయారు? ఇదేమీ కబ్జా వ్యవహారం కాదు గదా?’ అని టెన్షన్ పడ్డారు. ఎలా రాయాల్సింది?

సమాధానం: మీ వాక్యానికి నాన్నగారు తీసిన అర్థమే సరైనది. మనం ఇల్లు ఖాళీ చేస్తాం, గది ఖాళీ చేస్తాం. ‘వీధి ఖాళీ చేశారు’ అంటే అక్కడివాళ్లను పంపేశారనే తోస్తుంది. పైగా ‘పక్క వీధి’ అంటే మనది కాక అవతల ఉన్న వీధి. మీ ప్రహరీకి తగిలి ఉన్నదాన్ని ‘మా ఇంటిని ఆనుకుని ఉన్న వీధి’ అనాలి. ఈ ‘ఆనుకుని’ మీ విషయంలో చాలా ముఖ్యం, ఎందుకంటే హక్కు వచ్చిందే ఆనుకుని ఉన్నందువల్ల.

వాషింగ్టన్‌లో లేఅవుట్ వేసేటప్పుడు వీధికి వదిలిన నేల మీద నగరానికి సాధారణంగా ఉండేది ప్రజల రాకపోకల కోసం దారి హక్కు మాత్రమే. అడుగునున్న నేల, వీధి నడిమి గీత దాకా, ఆనుకుని ఉన్న ఇళ్లవాళ్లదే. ఆనుకుని ఉన్న స్థలంలో మూడింట రెండు వంతులకు మించిన భాగానికి యజమానులైనవాళ్లు అర్జీ పెట్టుకోవచ్చు. బహిరంగ విచారణ జరిపి, ఆర్డినెన్స్ (అక్కడ నగర మండలి చేసే చట్టం) చేసి నగరం తన హక్కు వదులుకుంటుంది. ‘వెకేట్’ చేయడమంటే ఇదే. అందుకు పరిహారం అడగవచ్చు: మామూలుగా స్థలం విలువలో సగానికి మించకుండా, 25 ఏళ్లు లేదా అంతకు పైగా ప్రజా మార్గంగా ఉన్నదైతే పూర్తి విలువ దాకా.

కాబట్టి ‘వదిలేసిన వీధి’ కూడా కుదరదు. వదిలేయడమంటే పట్టించుకోకపోవడం. ‘వదులుకోవడం’ అంటే తనకున్న హక్కును తెలిసి విడిచిపెట్టడం. ‘కొను’ చేరడంతో వచ్చిన ఈ తేడాను పోగొట్టుకోకూడదు. క్లుప్తంగా కావాలంటే ‘రద్దయిన వీధి’ అనండి. రద్దయింది వీధి హోదాయే, నేల కాదని చదివినవాళ్లకు తెలుస్తుంది.

ఇక ‘స్వాధీనం’. మన విక్రయ దస్తావేజు ఒకటి తీసి చూడండి. సర్వహక్కులు దఖలుపరిచానని (అంటే హక్కుగా ఇచ్చేశానని) ఒక మాట, స్థలాన్ని స్వాధీనం చేశానని (అంటే చేతికి అప్పగించానని) ఇంకో మాట ఉంటాయి. అద్దెకున్నవాడికీ ఇల్లు స్వాధీనంలోనే ఉంటుంది, సొంతం మాత్రం కాదు. పాత దానశాసనాల్లో నిధి, నిక్షేపం, జలం, పాషాణం అంటూ అష్టభోగాలను పేరుపేరునా చెప్పేవారు. ఇచ్చేది ఎంతవరకో విడమరిచే ఆ పద్ధతి నాకు ఎంతో ఇష్టం. మీ సగం ‘మాకు దఖలుపడింది’ అని రాయాల్సింది.

నాన్నగారి భయానికి కారణం లేకపోలేదు. మన ఊళ్లలో వీధి స్థలం మునిసిపాలిటీదో పంచాయతీదో. రాకపోకలు తగ్గాయని దాన్ని ఇంట్లో కలుపుకుంటే ఆక్రమణే. అందుకే అక్కడి పద్ధతిని ఒక్క ముక్కలో చెప్పాలి. ఇలా రాయవచ్చు:

‘మా ఇంటిని ఆనుకుని ఉన్న వీధిని నగరపాలక సంస్థ ఆర్డినెన్స్ ద్వారా రద్దు చేసింది. దాని మీద తనకున్న దారి హక్కు వదులుకుంది. ఇక్కడి చట్టం ప్రకారం నడిమి గీతకు ఇవతలి సగం మాకు, అవతలి సగం ఎదురింటివాళ్లకు దఖలుపడ్డాయి.’

మీ ఆర్డినెన్స్‌లో నీటి గొట్టాల కోసమో, కరెంటు తీగల కోసమో నగరం ఏదైనా హక్కు అట్టిపెట్టుకుందేమో చూడండి. ఉంటే ‘ఈజ్‌మెంటు హక్కుకు లోబడి’ అని చేర్చండి. ఈ మాట మన దస్తావేజుల్లో ఎప్పటినుంచో ఉన్నదే, నాన్నగారికి విడిగా వివరించే పని ఉండదు.